నెత్తిన చుక్కల్లేని పిట్ట

ఎండిన టేకు మీద నంబరు కొట్టింది నేనే.
నాలుగు వందల పదిహేడు.
సుత్తె దెబ్బకి బెరడు లేచి, చెట్టు బోలుగా మోగింది.
కూపు రిజిస్టరులో ‘నరకవలసినవి’ అన్న గడిలో
ఇప్పటికీ నా చేతిరాతే.

అప్పుడు తల ఎత్తలేదు.
చెట్లు కొలిచేవాడు మొదలే చూస్తాడు.
ఛాతీ ఎత్తున టేపు చుట్టి లావెంతో అరుస్తాడు.
పైకి చూసినందుకు కూలి రాదు.

సిరొంచ నుంచి రెండు బస్సులు, ఒక వాగు,
ఆపైన తాలండి జూరు వెనక నడక.
ఆయన కాళ్ల కింద ఆకు నోరు మెదపదు.
నా బూట్ల కింద మాత్రం
అడవంతా అప్పడాలు నమిలిన చప్పుడు.
మాఘమాసం. టేకులు బోడిగా నిలబడి ఉన్నాయి.
పొద్దున తొమ్మిది, గూబలు పడుకునే వేళ.

‘అగో’ అన్నాడు జూరు,
వేలు చూపకుండా, గడ్డంతో.
వేలు చూపితే పిట్టకి దిష్టట.

నా నంబరు చెట్టే.
దాని కొనకొమ్మన పిడికెడంత పిట్ట
పట్టపగలు, నిండు ఎండలో, ఎవరికీ జడవకుండా
తోకని అటూ ఇటూ విసురుతోంది.
మెడ తిప్పింది.
పైడికంటి అని పేరు పెట్టినవాడు ఏ కాలంవాడో గాని
ఈ కళ్లు చూసినవాడే.

నాగపూర్ నుంచి వచ్చిన ఋజుతా బోకిల్
దుర్బిణీ నా చేతికిచ్చింది.
‘నెత్తి చూడండి దాదా, చుక్కలున్నాయా?’
మా ఊరి పైడికంటికి నెత్తి నిండా తెల్లచుక్కలు,
పిండి జల్లెడ కింద తల పెట్టినట్టు.
దీని నెత్తి తడిగుడ్డతో తుడిచిన పలక.
‘లేవు’ అన్నాను.
ఆమె చేతిలోంచి పుస్తకం జారింది.
ఈ పక్క ఇది ఉండదని రాసుంది అందులోనే.

అంకీసలో మా దూలం మీద ఒక రాత్రి గూబ వాలింది.
నాయన ఇంటికి తాళం వేశాడు.
ఆరు నెలలు పశువుల పాకలో ఉన్నాం, వానాకాలమంతా.
చెల్లికి జ్వరం అక్కడే తగిలింది,
తగ్గలేదు.
గూబ వల్లే అన్నారు అందరూ.
పాక వల్ల అని
ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు, నాతో సహా.

చెట్టుకి దూరంగా, గొంతులు తగ్గించి మాట్లాడుకున్నాం.
‘రాస్తే?’
‘నమ్మరు. ఫోటో పెడితే నమ్ముతారు.’
‘నమ్మితే?’
‘వస్తారు.’
కెమెరాలవాళ్లు, ఫోనులో పిలుపు మోగించి పిట్టని పిలిచేవాళ్లు,
వాళ్ల టైరు జాడ పట్టుకుని అమావాస్య బేరగాళ్లు.
గోళ్లకొక ధర, కళ్లకొక ధర.
‘రాయకపోతే?’
ఆమె నన్ను చూసింది. నేను చెట్టు మీది నంబరు చూశాను.
కూపు నరుకుడు ఎల్లుండి సోమవారం.

ఆ రాత్రి నాకాలో లాంతరు దగ్గర
నాలుగు వందల పదిహేడు ఎదుట రాశాను:
గాలికి కూలినది. కలప లేదు.
ఇరవై రెండేళ్ల నౌకరీలో
పొరపాట్లు చాలా రాశాను.
తెలిసి రాసిన అబద్ధం ఇదొక్కటే,
అక్షరాలు మాత్రం ఎన్నడూ లేనంత గుండ్రంగా వచ్చాయి.
తెల్లారకముందే జూరు వెళ్లి
నంబరు మీద ఎర్రమన్ను మెత్తి వచ్చాడు.
ఋజుత తన నోటుబుక్కులో తేదీ రాసి
చోటు గడి ఖాళీగా వదిలింది.
పిల్లలు ఎగిరాక నింపుతానంది.
నింపిందో లేదో నేను అడగలేదు.
మీరూ నన్ను చెట్టెక్కడని అడగకండి.

వైశాఖంలో తునికాకు కల్లం దగ్గర కనిపించాడు జూరు,
కట్టలు లెక్కపెట్టిస్తూ, చెమటలో.
చుట్టూ జనం, మునిమి, కాంట్రాక్టరు మనిషి.
‘ఎన్ని?’ అన్నాను,
ఆకుకట్టల గురించే అడిగినట్టు.

వేళ్లు చూపలేదు.
గడ్డం ఎత్తాడు.
కాస్త ఆగి
ఇంకోసారి ఎత్తాడు.